‘సున్న’ – శబ్దార్థ విమర్శము

తెలుఁగు బాలుఁడు బడిలో మొట్టమొదట నెఱుఁగు మాటలలో ‘సున్న’ యొకటి. ఇది వానికి రెండు మాఱులు నేర్పఁబడును: అక్షరములు దిద్దునప్పుడొకమాఱు, అంకెలు దిద్దునప్పుడొకమాఱు. అక్షరములలో నది వినఁబడు ధ్వనికి గుఱుతు. అంకెలలో ‘ఏమియు లేదు’ అనుటకు గుఱుతని పంతులు చెప్పును. ఒకే వలయము ఒకచోట నుండుటకును వేఱొకచోట లేకుండుటకును గుఱుతెట్లయ్యెనని బాలుఁడు తఱుచుగా నడుగఁడు. అడిగినచో ‘శూన్యమనఁగా లేమి’ యను మాట యొక్కటియే వానికి దొరకును. ఈ యర్థము చాలదు. ‘సున్న’కు మూలార్థము లేమి కాదు, వట్టిచోటు. ఈ రెంటికిఁ గల భేదము చిన్నదిగాఁ దోఁచవచ్చును గాని, దానిని విస్మరించుటచే శబ్దవిచారమునందే కాక గణితమునందును బొరపాటులు కలిగినవి.

ఈ మాటను బరీక్షించుటకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల ప్రాంతముకంటెఁ దగిన నేల దొరకుట యరుదు. ఇక్కడ సున్నతోఁ జుట్టఱికము చెప్పుకొను మాటలు మూఁడున్నవి. కోదాడకు దక్షిణముగా మేళ్లచెఱువు, హుజూర్‌నగరము, మట్టంపల్లి వైపు నేలలో సున్నపుఱాయి విస్తారముగాఁ గలదు. నేఁడక్కడ సిమెంటు కర్మాగారములు వెలసినవి. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండమీఁద బౌద్ధుల స్తూపవిహారములు బయల్పడినవి. మిర్యాలగూడకు నైరృతివైపున శూన్యవాదాచార్యుని పేరు మోయు నాగార్జునకొండ యున్నది. ఇఁక 1948 వఱకు నిజాము పాలనలో బడిచదువు ఉర్దూభాషలో సాగినందున నిక్కడి పాతతరము వారు సున్నను ‘సిఫర్’ అని నేర్చిరి. సున్నము, శూన్యవాదము, సిఫర్ – ఈ మూఁటిలో మొదటిది సున్నకు బంధువే కాదు. రెండవది బంధువైనను గన్నతల్లి కాదు. మూఁడవది దేశాంతరమునుండి తిరిగివచ్చిన యనువాదము.

సున్నమాట త్వరగా ముగియును. గోడమీఁద సున్నముతోఁ బెట్టిన గుండ్రని బొట్టును జూచినవారికి సున్న సున్నమునుండియే పుట్టెననిపించుట సహజము. కాని ‘సున్నము’ చూర్ణశబ్దభవము, ప్రాకృతమున ‘చుణ్ణ’. ‘సున్న’ శూన్యశబ్దభవము, ప్రాకృతమున ‘సుణ్ణ’. రెంటను సంయోగమునకు ముందున్న దీర్ఘము హ్రస్వమైనది. రెంటను సంయుక్తాక్షరము ద్విత్వణకారమైనది. తెలుఁగునఁ జేరినపిదప నీ రెండును నించుమించుగా నొక్కరూపమునకు వచ్చి యొకదానినొకటి యొరసికొన్నవి. అప్పుడు తెలుఁగు వానిని ‘ము’ వర్ణకముచే వేఱుచేసికొన్నది. కాల్చి పొడిచేయు ద్రవ్యమునకు ‘ము’ వచ్చును, అంకెకు రాదు. ‘సున్నపుఱాయి’, ‘సున్నపుబట్టి’ యందురు. అంకె విషయమున ‘సున్నపు’ అని యెవ్వరును ననరు. పొరుగు భాషలును నిట్లే జాగ్రత్తపడినవి. కన్నడమున ద్రవ్యము ‘సుణ్ణ’, అంకె ‘సొన్నె’. అఱవమున మూర్ధన్యణకారము గలది చూర్ణము, నకారము గలది అంకె. నాలుకకుఁ దెలిసిన యీ భేదము చెవికిఁ దెలియకపోవుటయే పై భ్రమకు మూలము.

శూన్యశబ్దవ్యుత్పత్తి విషయమున వైయాకరణులకును భాషాశాస్త్రజ్ఞులకును మార్గములు వేఱు. పాణినీయమున 5-1-2 సూత్రముతోఁ జేరిన గవాదిగణములో ‘శ్వన్’ శబ్దము గలదు. హితార్థమున యత్ప్రత్యయము వచ్చి, సంప్రసారణము కలిగి, దీర్ఘము వికల్పమగుటచే ‘శున్యము’, ‘శూన్యము’ అను రెండు రూపములను గాశికావృత్తి చూపును. శ్వ యనఁగాఁ గుక్క. కుక్కలకు హితమైనది శూన్యమన్నమాట! ఇది విని నవ్వువారు కలరు. కాని జనులు విడిచిపోయిన యింటిని దలఁచుకొన్నచో నవ్వు నిలువదు. గోడలు నిలిచియే యుండును, గడపయు నిలిచియే యుండును, మనుష్యుఁడు లేఁడు, గడపమీఁదఁ గుక్క పండుకొనియుండును. శూన్యగృహమనఁగా నిల్లు లేకుండుట కాదు, ఇంట నెవ్వరును లేకుండుట.

భాషాశాస్త్రజ్ఞులు దీనిని ట్వోశ్వి ధాతువునకు ముడిపెట్టుదురు. గతియు వృద్ధియు దాని యర్థములు. నిష్ఠాప్రత్యయము పరమగునప్పుడు 7-2-14చే ఇడాగమము నిషేధింపఁబడి, 6-1-15చే సంప్రసారణము, 6-4-2చే దీర్ఘము వచ్చి, ధాతువు ఓదిత్తగుటచే 8-2-45 ప్రకారము నిష్ఠాతకారము నకారమై ‘శూన’ యను రూపమేర్పడును. ఉబ్బినదని దాని యర్థము. ఉబ్బినది లోపల బోలుగా నుండును గావున బోలుతనమును దెలుపు శూన్యశబ్దము దీనినుండి వచ్చెనని వారి మతము. ఋగ్వేదమున 7వ మండలము మొదటి సూక్తమునందే ‘శూన’ శబ్దము కొఱఁత యను నర్థమునఁ గానవచ్చుచున్నది. చరిత్రదృష్టిచే నీ రెండవ మార్గమే బలవత్తరము. గణసూత్రము రూపసిద్ధికిఁ జెప్పఁబడినదే గాని శబ్దచరిత్రకుఁ గాదు. పాణినీయులు దీనిని దమ కోటమి యని యెంచఁబనిలేదు. ఏలయన రెండు మార్గములును నొక్కచోటికే చేరుచున్నవి: చుట్టు గోడ యున్నది, నడుమ వట్టిది.

అమరసింహుఁడు శూన్యశబ్దమును వశిక, తుచ్ఛ, రిక్తకములతోఁ జేర్చి విశేష్యనిఘ్నవర్గమునఁ బఠించెను. ఇది గమనింపవలసిన సంగతి. విశేష్యనిఘ్నమనఁగా నొక విశేష్యము నాశ్రయించి లింగవచనములను బొందునది. శూన్యము తనంతఁ దాను నిలువదు. శూన్యమైన కుండ, శూన్యమైన సభ, శూన్యమైన స్థానము – ఇట్లొక యాధారమును గోరును. నైయాయికులు ఘటశూన్యమైన భూతలమనునప్పుడు లేనిది ఘటము, ఉన్నది భూతలము. అభావమునకుఁ బ్రతియోగియు నధికరణమును గావలెను. ‘లేమి’ యను తెలుఁగుమాట యభావమును మాత్రము చెప్పి యధికరణమును విడిచిపెట్టును. నిఘంటువులయందలి లోపమిచ్చటనే యున్నది.

లోపమన్నచోఁ బాణిని జ్ఞప్తికి రాకమానఁడు. 1-1-60 సూత్రమున నదర్శనమునకు లోపమని పేరిడి, 1-1-62లో బ్రత్యయము లోపించినను దానిచేఁ గలుగు కార్యము కలుగునని యాతఁడు శాసించెను. ‘అగ్నిచిత్’ అనుచోట క్విప్పు పూర్తిగా మాయమైనది. అయినను దానిచేఁ గలుగవలసిన తుగాగమము కలిగి చివర తకారము నిలిచినది. వచ్చి పోయినదానికిని, ఎన్నఁడును రానిదానికిని భేదమున్నదన్నమాట. పాణినియే గణితమునందలి సున్నను గనిపెట్టెనని యిటీవలఁ గొందఱుత్సాహపడుచున్నారు. అంత యవసరము లేదు. ఆయన యీ పనికి శూన్యశబ్దమును వాడలేదు, అంకెలను దలపెట్టలేదు. కాని చోటు విడిచిపెట్టకుండ వస్తువును మాత్రము తీసివేయుట యను నూహ యీ దేశమున వ్యాకరణశాలలో మొదటినుండియుఁ బరిచితమేయని యొప్పుకొనవచ్చును.

ఇఁక శూన్యవాదము. నాగార్జునకొండ పేరు విన్నంతనే గణితమునందలి సున్న కృష్ణాతీరమునఁ బుట్టెనని చెప్పఁదలఁచువారి యభిమానము మెచ్చఁదగినదే గాని, ప్రమాణములు దానికిఁ దోడ్పడవు. మధ్యమకకారికలయందు శూన్యత యనఁగా వస్తువులకు స్వభావము లేకుండుట. ఇరువదినాలవ ప్రకరణమున నాచార్యుఁడు దానిని బ్రతీత్యసముత్పాదముతో నొక్కటిగాఁ జెప్పి, శూన్యతను దప్పుగాఁ గ్రహించుట చెడఁబట్టిన పామువంటిదని హెచ్చరించెను. వస్తువులే లేవని యాతఁ డనలేదు, స్వభావశూన్యములని యన్నాఁడు. ఇక్కడను శూన్యము విశేషణమే, ఇక్కడను నధికరణము గలదు. ఈ యంశమున నాతని ప్రయోగము ప్రస్తుతవిచారమునకు సాక్ష్యమగును గాని, కూడికలు తీసివేతలు కారికలలో లేవు. కోదాడకు సమీపమున నెల్లకావలనున్న జగ్గయ్యపేటలో నాగార్జునాచార్యుని ప్రశిష్యుఁడు చంద్రప్రభుఁడు బుద్ధప్రతిమను నిలిపినట్లొక శాసనము చెప్పుచున్నది. లిపి సుమారు 6వ శతాబ్దిది గావున నందలి నాగార్జునుఁడు కారికాకర్త కాఁజాలఁడు. పేరొకటైనంత మాత్రమునఁ గాలము కలియదు.

అంతకంటె బలమైన సాక్ష్యము అంకెలయందే యున్నది. ఫణిగిరిలోను నాగార్జునకొండలోను శాసనములు వేయించిన యిక్ష్వాకుల కాలమునఁ జెల్లిన బ్రాహ్మీ అంకెలలోఁ బదికొక గుఱుతు, ఇరువదికి వేఱొక గుఱుతు, నూటికి మఱియొక గుఱుతు. పదునెనిమిది వ్రాయవలెనన్నఁ బది గుఱుతు వ్రాసి దాని ప్రక్క నెనిమిది గుఱుతు వ్రాయుదురు. స్థానమును బట్టి విలువ మాఱు పద్ధతి యందు లేదు. లేనప్పుడు వట్టిస్థానమును జూపు గుఱుతుతోఁ బనియే లేదు. శూన్యత గుఱించి వాదములు జరిగిన యా దినములలోనే, ఆ నేలమీఁదనే, సున్న లేకుండ లెక్కలు నడచినవి.

గణితమునకు సమీపమైన తొలి శూన్యప్రయోగము ఛందశ్శాస్త్రమునఁ గలదు. ఇన్ని యక్షరముల పాదమునకు వృత్తము లెన్నియని తెలిసికొనుటకుఁ బింగళుఁ డొక యుపాయము చెప్పెను. అక్షరసంఖ్య సరియైనచో సగము చేసి రెండంకె వేయవలెను. బేసియైనచో నొకటి తీసి శూన్యము వేయవలెను. ఆఱక్షరముల పాదమును గొందము. ఆఱు సగము మూఁడు: రెండు. మూఁటిలో నొకటి తీయఁగా రెండు: శూన్యము. రెండు సగమొకటి: రెండు. ఒకటిలో నొకటి తీయఁగా ముగిసినది: శూన్యము. ఇప్పుడు తుదినుండి వెనుకకు రావలెను. శూన్యమున్నచోట రెట్టింపు, రెండున్నచోట వర్గము. ఒకటి రెట్టింపై రెండు, వర్గమై నాలుగు, రెట్టింపై యెనిమిది, వర్గమై యఱువదినాలుగు. గాయత్రీఛందమున సమవృత్తములు 64 అని పండితులెల్ల రెఱిఁగినదే. ఇందు శూన్యము ఊరకుండునది కాదు. తన చోటఁ గూర్చుండి ‘రెట్టింపుము’ అని యాజ్ఞ యిచ్చునది. లేమి యాజ్ఞ యియ్యఁజాలదు.

628లో బ్రహ్మగుప్తుఁడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున శూన్యముతోఁ గూడిక, తీసివేత, గుణకారములకు నియమములు చెప్పి దానిని సంఖ్యల పంక్తిలోఁ గూర్చుండఁబెట్టెను. భాగహారమువద్దనే యెల్లవారును దొట్రుపడిరి. 9వ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమువాఁడగు మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమున, శూన్యముచే గుణించిన శూన్యమగుననియు, శూన్యముచే భాగించిన రాశి మాఱదనియుఁ జెప్పెను. తెలుఁగువారి కీ గ్రంథముతో సంబంధము దగ్గఱిది. పావులూరి మల్లన తెనిఁగించిన గణితమునకు మూలమిదియే. మహావీరుఁడు సామాన్యుఁడు కాఁడు. మఱి యిట్లేల పొరపడెను? శూన్యమును లేమిగాఁ గొని, పంచుకొనువారు లేరు గావున బంపకమే జరుగలేదు, రాశి యట్లే యున్నదని యాతఁడు భావించినట్లు తోఁచును. ఆ యర్థమునే గుణకారమునకును గొన్నచో, గుణించుట జరుగలేదు గావున రాశి యట్లే యుండవలెను గదా! అక్కడ సంఖ్యగాను, ఇక్కడ లేమిగాను గ్రహించుటచే నొక్క శ్లోకములోనే యర్థము రెండుగాఁ జీలినది. 1150లో భాస్కరాచార్యుఁడు దీనికి ఖహరమని పేరు పెట్టి, హారస్థానమున శూన్యమున్న రాశిని వేఱుజాతిగా నుంచి, యనంతమనెను. నేఁటి గణితజ్ఞులు దాని నంగీకరింపరు గాని, హారము చోటున్నదను విషయమును భాస్కరుఁడు మఱవలేదు.

సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమఱ్ఱిలో రేచెర్లవారి కాలపు దేవాలయములును, గాకతీయుల నాఁటి శాసనములును గలవు. వానిలో గణపతిదేవుని నాఁటిది శక 1130, అనఁగా 1208 నాఁటిది. ఈ సంఖ్యను నోట జెప్పినచో ‘వేయిన్నూట ముప్పది’. ఎక్కడను సున్న వినఁబడదు. అంకెలలో వ్రాసినచో దుదిని సున్న తప్పదు. కవి పద్యమునఁ గూర్పవలసివచ్చినచో ‘గగనగుణరుద్ర’ యనవచ్చును; గగనము సున్న, గుణములు మూఁడు, రుద్రులు పదునొకండుగురు; అంకెలు కుడినుండి యెడమకు నడచును. ఇక్కడ సున్న మొట్టమొదటనే పలుకవలసివచ్చినది. తెలుఁగు సంఖ్యావాచకములలో సున్నకుఁ బేరు లేదు. స్థానములను లెక్కించునప్పుడే దాని పేరు పుట్టినది. గ్వాలియరులో 876 నాఁటి శాసనమున 270, 50 అను సంఖ్యలయందు సున్న వలయముగా స్పష్టముగాఁ గానవచ్చును. కంబుజదేశమున శక 605 అని తెలుపు శాసనమున నది చుక్క. సుబంధుఁడు వాసవదత్తలో నక్షత్రములను శూన్యబిందువులతోఁ బోల్చెను. బిందువు రూపము, శూన్య మర్థము. రూపమునకు నర్థముయొక్క పేరే నిలిచి యది తెలుఁగున సున్న యైనది.

అరబ్బులీ పద్ధతిని గ్రహించినప్పుడు శూన్యమును ‘సిఫర్’ అని యనువదించిరి. సిఫర్ అనఁగా వట్టిది, ఖాళీ. లేకుండుటకు వారి భాషలో ‘అదమ్’ అను వేఱు మాట కలదు. దానిని వారు గొనలేదు. పరభాషవారికిఁ దెలిసిన యీ సూక్ష్మము మన నిఘంటువులకుఁ జిక్కకపోవుట వింత. ఆ సిఫరే 1202లో ఇటలీ గణితజ్ఞుఁడు ఫిబొనాచి వ్రాఁతలో ‘జెఫిరుమ్’ అయి, క్రమముగా ‘జీరో’ అయ్యెను. కావున సూర్యాపేట బజారులోఁ దాత సిఫర్ అనినను, తండ్రి సున్న యనినను, మనుమఁడు జీరో యనినను మువ్వురు నొక్కమాటనే పలుకుచున్నారు. ఈ జీరో తెలంగాణమున వర్తకుల నోటఁ గ్రొత్త యర్థమును బొందినది. బిల్లు లేకుండ సాగు వ్యాపారమును ‘జీరో దందా’ యందురు. అందు సరకున్నది, సొమ్మున్నది. చిట్టాలో దాని చోటు మాత్రము వట్టిది. శాస్త్రమెఱుఁగని బజారు శబ్దార్థమును బండితులకంటె సరిగాఁ బట్టినది. ‘గుండుసున్న’, ‘హళ్లికి హళ్లి సున్నకు సున్న’ యనునవి మాత్రము లేమికే వచ్చినవి. ఇవి లక్షణచే వచ్చిన యర్థములు, మూలార్థములు కావు.

ఇప్పుడు బాలుని సందేహమునకు రావచ్చును. తెలుఁగులిపిలో బూర్ణానుస్వారమును వలయమే, అంకెయు వలయమే. ఆకారసామ్యముచే నంకె పేరు అక్షరమునకుఁ బ్రాఁకి ‘నిండుసున్న’ యైనది. నిండు అనఁగాఁ బూర్ణము, సున్న యనఁగా శూన్యము. పరస్పరవిరుద్ధములైన మాటలు రెండు కూడి యొక్క పేరైనవి. గణితజ్ఞులు పూర్ణశబ్దమును సైతము సున్నకుఁ బర్యాయముగా వాడిరి గావున నిది యంతగా విరుద్ధమును గాదు. ఆకారసామ్యమటుండఁగా, పనియందును బోలిక గలదు. పంకము, పంచదార, పండు, పంతము, పంపు – ఈ యైదింటను గుఱుతొకటే. ధ్వని మాత్రము వెనుక వచ్చు వర్గాక్షరమును బట్టి ఙ ఞ ణ న మ లుగా మాఱును. తనదని చెప్పుకొన ధ్వని లేక, చోటును బట్టి పలుకునది నిండుసున్న. తనదని చెప్పుకొన విలువ లేక, చోటును నిలిపి యితరాంకెలకు విలువ నిచ్చునది అంకెసున్న. అరసున్న యింకను విచిత్రము. ‘మూఁడు’ అనుచోట నొకప్పు డనునాసికము పలికెడిది. అఱవమున నేఁటికిని బలుకుచున్నది. తెలుఁగున ధ్వని పోయి చోటు మాత్రము మిగిలినది. ఆ చోటును జూపుటకే అరసున్న. నేఁటి పాఠ్యపుస్తకములలో నది కానరాదు. అచ్చుకూటములకు సౌకర్యమే గాని, తద్ధ్వని యొకప్పుడుండెనని తెలియు దారి మూసికొనిపోయినది.

‘నూటయెనిమిది’ వ్రాయుమన్నప్పుడు చిన్న తరగతుల బాలురు 1008 అని వ్రాయుట పంతుళ్లెల్లరును జూచునదే. వారు నూఱు వ్రాసి ప్రక్క నెనిమిది వ్రాసిరి. ఇక్ష్వాకుల నాఁటి లేఖకుఁడు చేసినదియు నిదియే. దానిని బరాకని దండించుటయుఁ, ‘సున్నకు విలువ లేదు’ అని చెప్పి దిద్దించుటయు రెండును దగవు. విలువ లేనిది రెండున్న నేమి, ఒకటి యున్న నేమి యని వాఁ డనుకొనును. పలకమీఁద మూఁడు గడులు గీచి, నూఱుల గడిలో నొకటి, ఒకట్ల గడిలో నెనిమిది వ్రాయించి, నడిమి గడి నేమి చేయుదువని యడుగవలెను. అందులో నెవ్వరును లేరని వాఁడు చెప్పును. అప్పుడా గడి చుట్టు గీఁతను గుండ్రముగా దిద్దింపవలెను.